ఎంగిలి నీళ్లు

నాలుగో తొట్టి తళతళ మెరుస్తోంది. ఆ మెరుపు చూడగానే కోడలు షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

నిన్న సాయంత్రం తన చేత్తో మూత పెట్టి ఇంట్లోకి వెళ్లినప్పుడు ఆ తొట్టి నిండా నల్లటి నీళ్లున్నాయి. మూడు వారాలుగా పారబోయకుండా కాపాడుకొచ్చిన నీళ్లు. అవే నీళ్లలో పదకొండుసార్లు నూలుకి నల్లరంగు వేసింది. పన్నెండోసారి వేయాల్సింది ఈ రోజు పదిగంటలకి, నీళ్ల ఆఫీసరు కళ్లముందు. ఇప్పుడు ఆ తొట్టిలో వేలు తడవడానికి కూడా చుక్క లేదు.

పక్కనే మామగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చేతిలో పీచు పట్టుకుని నిలబడి ఉన్నారు. శభాష్ అనిపించుకోబోయే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం.

"తెల్లారకముందే లేచాను," అన్నారు. "ఎవర్నీ లేపలేదు. నేనే తోమాను. మూడు వారాల మడ్డి, ఒక పట్టాన వదిలితేనా. వచ్చేవాళ్లకి మన తొట్టి ఇలా కనపడాలి."

రంగుల షెడ్డులో తల పండినవాళ్లకి తప్ప ఈ పొరపాటు ఇంకొకరికి సాధ్యం కాదు. అక్కడ నలభై ఏళ్లుగా ఒకటే చట్టం. ఒక రంగు అయిపోయిందా, బిరడా లాగు, తొట్టి తోము, కొత్త నీళ్లు పట్టు. తొట్టిలో పాత నీళ్లు ఉంచడమంటే ఎంగిలి కంచంలో చుట్టానికి భోజనం పెట్టడమే. అందుకే కోడలు దాచిన నీళ్లకి మామగారు 'ఎంగిలి నీళ్లు' అని పేరు పెట్టి, మూడు వారాలూ ఆ తొట్టి ఛాయలకి కూడా పోలేదు. చివరికి ఏమనిపించిందో, పాపం ఈ పిల్ల ఒక్కతే అవస్థ పడుతోంది, మనమూ ఒక చెయ్యి వేద్దాం అనుకున్నారు. వేశారు. షెడ్డు మూతపడటానికి ఆ ఒక్క చెయ్యి చాలు.

"నీళ్లెటు పోయాయి మామయ్యా?"

"ఎటు పోతాయి. రోజూ పోయే దారినే."

కోడలు పెరటి తలుపు తోసుకుని పరిగెత్తింది. షెడ్డు తూము కాలువలో కలిసే చోట నీళ్లు కాటుకలా ఉన్నాయి. ఆ నలుపు అప్పుడే వంతెన దాటి కిందికి సాగిపోతోంది.

ఆఫీసరు పంపిన నోటీసులో ఉన్నవి రెండే షరతులు. వాడిన నీళ్లతో వేసిన రంగుకీ, కొత్త నీళ్లతో వేసిన రంగుకీ తేడా ఉండకూడదు. కాలువలోకి రంగునీళ్లు పోకూడదు. ఈ రెండూ ఇవాళ చూపిస్తే షెడ్డు నడుస్తుంది. లేకపోతే సాయంత్రం ఐదింటికి తాళం. మొదటిది చూపించడానికి నీళ్లు లేవు. రెండోది కళ్లముందే నల్లగా పారుతోంది.

కోడలు ఫోను తీసింది. ముందు ఎవరికి చేసిందో తెలిస్తే మీరూ ముక్కున వేలేసుకుంటారు. కాలువ దిగువన మొక్కల నర్సరీ నడిపే ఆవిడకి చేసింది. ఈ షెడ్డు మీద ఫిర్యాదు పెట్టి నోటీసు దాకా తెచ్చింది ఆవిడే.

"మీ మోటారు ఆపెయ్యండి," అంది కోడలు. "మా నల్లనీళ్లు వస్తున్నాయి. అరగంటలో మీ దగ్గరికి చేరతాయి. పొరపాటు మాదే."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది. 

*

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదే," అన్నాడు భర్త.

షెడ్డుకీ ఇంటి ముందుగదికీ మధ్య అడ్డం ఒక్క తలుపే. బాయిలరు చూసుకునే మనిషి కాబట్టి అతను మసి చేతులతోనే లోపలికొచ్చి, గోడకి ఆనుకోబోయి, తల్లి చూపు చూసి ఆగాడు.

"ఎవరడిగారు నిన్ను ఆవిడకి ఫోను చెయ్యమని? పదింటికల్లా నీళ్లు సాగిపోయేవి. ఎవరికీ తెలిసేది కాదు."

"మొక్కలకి తెలిసేది."

"ఇక్కడ ఇరవై రెండు మంది పనివాళ్ల బతుకు గురించి మాట్లాడుతుంటే మొక్కలంటావేంటి నువ్వు?"

"ఆ మొక్కల మీద బతికేవాళ్లు మనుషులు కారా?"

అతను తన మసి చేతుల వంక చూసుకున్నాడు. 

మామగారు మూలనున్న స్టూలు మీద కూర్చున్నారు. తడి కాళ్ల కింద చిన్న మడుగు కట్టింది. పీచు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకున్నారు.

అత్తగారు టీ గ్లాసులు బల్ల మీద ఠపీమని పెట్టారు. "నలభై ఏళ్ల కాపురంలో ఈ మనిషి నాకు ఒక్క గిన్నె తోమిపెట్టలేదు. తోమక తోమక ఇవాళే తోమాలా?"

ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్లే. ఇవాళ టీ మీద మీగడ కట్టింది గాని ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు.

"నాన్నని ఏమీ అనకు," అన్నాడు భర్త మెల్లిగా.

"నేనేమన్నానని?" అంది కోడలు.

"అనలేదు. అదే ఆయనకి ఎక్కువ బాధగా ఉంది."

కోడలు వెళ్లి మామగారి ముందు నిలబడింది. ఆమెకి కోపం ఉంది. గొంతు దాకా ఉంది. దాన్ని దాచిపెట్టడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు.

"మామయ్యా, మీరు నాకోసమే చేశారు. అది నాకు తెలుసు. కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. సాయంత్రం తీరిగ్గా కోప్పడతాను. ఇప్పుడు టైము లేదు."

ఆయన తలెత్తి చూశారు.

కోడలు అలమరలోంచి అట్ట చిరిగిన పుస్తకం తీసింది. పెళ్లికి ముందు బడిలో సైన్సు పాఠాలు చెప్పిన మనిషి. ఏది చేసినా తేదీ వేసి, గీత గీసి రాసుకోవడం ఆమెకి అలవాటు.

"నీళ్లు పోయాయి. పుస్తకం పోలేదు," అంది. "కొత్త నీళ్లతో మొదలుపెడదాం. ఒక్కటే తొట్టి. ముందు పసుపు, తర్వాత నారింజ, ఎరుపు, ముదురెరుపు, ఆఖర్న నలుపు. మధ్యలో బిరడా ముట్టుకోం. మిగిలిన పసుపు నారింజలో కలిసిపోతుంది, మిగిలిన నారింజ ఎరుపులో. ఐదు తొట్ల నీళ్లు పారబోసే చోట ఒక్క తొట్టి. ఆ పాత నీళ్లయితే పదకొండుసార్లు వాడామని మనం చెప్పాలి, ఆయన నమ్మాలి. ఇదైతే మొదటి బిందె నుంచీ ఆయన కళ్లముందే."

"ఎప్పుడైనా ఐదు రంగులూ వేశావా?" అన్నాడు భర్త.

"మూడు వేశాను."

"మిగతా రెండూ?"

"ఇవాళ."

భర్త నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నెత్తి మీదా మసి అంటుకుంది. "నలుపు పొద్దున్నే వెయ్యాలి. అందరం అలాగే నేర్చుకున్నాం. నలుపుకి టైము ఎక్కువ పడుతుంది, పొద్దున్నే వదిలించుకుంటే..."

"వదిలించుకుని నీళ్లు పారబోసేవాళ్లకి అది బాగానే ఉంటుంది. పారబోయని వాళ్లకి నలుపు చివరికే రావాలి."

అందరి చూపులూ మామగారి మీదికి వెళ్లాయి. ఆ షెడ్డులో రంగు విషయంలో మాటంటే ఆయన మాటే. పనివాళ్లు చాటుగా ఆయన్ని 'నాలుక మేస్త్రి' అంటారు. తొట్టిలో వేలు ముంచి నాలుక కొసకి అద్దుకుని, ఉప్పెంత పడిందో, రంగుని నూలుకి పట్టించే సోడా ఎంత పడిందో చెప్పేస్తారు. ఆ పాళ్లు ఎక్కడా రాసిపెట్టలేదు. కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

మామగారు స్టూలు మీంచి లేచారు.

"నన్నెందుకు చూస్తారు? తొట్టి తోమడం కూడా చేతకాని వాణ్ణి," అని రంగుల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

లోపల గడియ పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. 

"బాయిలరు ఎంత వేడి మీద ఉండాలి?" అని అడిగాడు భర్త. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"ఎనభై డిగ్రీలు. సాయంత్రం దాకా దిగకూడదు."

"దిగదు," అని అతను వెళ్లిపోయాడు.

*

నీళ్ల ఆఫీసరు గొంతు పెంచని మనిషి. చెప్పిన టైముకి వచ్చాడు. అతని వెనకే బురద బూట్లతో నర్సరీ ఆవిడ. ఆవిడ షెడ్డు నాలుగు మూలలూ చూసింది గాని కోడలి మొహం చూడలేదు.

"ముందు ఒక మాట చెప్పాలి," అంది కోడలు. "పొద్దున మా నల్లనీళ్లు ఒక తొట్టెడు కాలువలోకి పోయాయి. మీకు చూపించాలని దాచినవే. శుభ్రం చెయ్యబోయి వదిలేశాం."

వెనకాల పనివాళ్లలో ఎవరో నిట్టూర్చారు. ఆఫీసరు తెరవబోయిన ఫైలు తెరవలేదు.

"అయితే ఇంక నేను చూడాల్సింది ఏముంది?" అన్నాడు.

తప్పించుకోవడానికి కోడలి దగ్గర ఒక్క సాకు కూడా లేదు.  ఆమెకి ఏడుపు వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేసింది.

మాట్లాడింది నర్సరీ ఆవిడ.

"ఆరుంబావుకి నాకు ఫోనొచ్చింది. మోటారు ఆపాను," అంది. "పన్నెండేళ్లుగా ఈ వీధి నీళ్లకి నా నారు ఎన్నిసార్లు మాడిందో చెప్పలేను. వస్తున్నాయి జాగ్రత్త అని చెప్పిన మనిషి మాత్రం లేదు. ఇవాళ ఒకరు చెప్పారు." ఆవిడ ఓ ఖాళీ డ్రమ్ము బోర్లించుకుని దానిమీద కూర్చుంది. "చూద్దాం ఏం చేస్తారో. మోటారు ఆపాక నాకూ వేరే పని లేదు."

ఆఫీసరు ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత బ్యాగులోంచి తెల్లగుడ్డ తీసి, తూము మూతికి అడ్డంగా తనే కట్టాడు. "పొద్దున జరిగింది నా రిపోర్టులో రాస్తాను. ఇప్పట్నుంచి ఈ గుడ్డ మీద రంగుచుక్క కనపడకూడదు. ఐదు దాకా ఉంటాను."

నాలుగో తొట్టిలో కొత్త నీళ్లు పట్టారు. పొడుగాయన అని అందరూ పిలిచే పనివాడు ఒక వైపు, కోడలు ఇంకో వైపు నిలబడ్డారు. కర్రలకి వేలాడదీసిన చిలపల్ని, అంటే నూలు కట్టల్ని, నీళ్లలో ముంచి తిప్పడం మొదలుపెట్టారు. పక్కన ఒక చిన్న తొట్టిలో ప్రతి రంగుకీ కొత్త నీళ్లు పట్టి, అదే రంగు, అదే నూలు. పోల్చి చూడ్డానికి. ఆ నీళ్లు కూడా కాలువలోకి పోవు. వెనక స్థలంలో కోడలు కట్టించిన లోతులేని సిమెంటు మడుల్లోకి పోతాయి. ఎండకి నీళ్లు ఆవిరైతే ఉప్పు మిగులుతుంది. మళ్లీ పనికొస్తుంది.

పసుపు వచ్చింది. అది కొత్త నీళ్లే కాబట్టి అందులో గొప్పేం లేదు. నారింజ వచ్చింది. రెండు చిలపలూ గుమ్మం వెలుగులో పక్కపక్కన పెడితే ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నూలు రంగుని తాగేస్తుంది, ఉప్పుని తాగదు," అని కోడలు చెబుతోంది. పాఠం చెప్పే గొంతు తనకి తెలియకుండానే వచ్చేసింది. "ఉప్పంతా నీళ్లలోనే ఉంటుంది. మనం ప్రతిసారీ ఆ ఉప్పుని కాలువలో పోసి, మళ్లీ కొత్త ఉప్పు వేస్తున్నాం. మొక్కల్ని చంపేది రంగు కంటే ఆ ఉప్పే."

"ఆ మాట నేను పన్నెండేళ్లుగా మొత్తుకుంటున్నా," అంది నర్సరీ ఆవిడ డ్రమ్ము మీంచి.

ఎరుపు కూడా వచ్చింది. కణకణలాడుతూ వచ్చింది. పొడుగాయన ఈల వేయబోయి ఆఫీసర్ని చూసి మానేశాడు. షెడ్డులో అందరూ ఒక మోస్తరుగా ఊపిరి పీల్చుకున్నారు. భోజనాల వేళ దాటినా ఎవరికీ ఆకలి గుర్తు రాలేదు. అత్తగారు తెచ్చిన పళ్లేలు తెచ్చినట్టే ఉన్నాయి.

రెండున్నరకి ముదురెరుపు చిలప పైకి లేచింది.

అది ముదురెరుపు కాదు. తుప్పు రంగు. చిన్న తొట్టిలోది పక్కన పెడితే తేడా గుడ్డివాళ్లకి కూడా తెలుస్తుంది.

కోడలు పుస్తకం తిరగేసింది. ఇంకాస్త రంగు వేయించింది. పావుగంట తిప్పారు. తుప్పు ఇంకా తుప్పే. ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూసింది. అంతా సరిగ్గానే ఉందని ఆ మీటరు నిక్షేపంగా చెప్పింది. పుస్తకంలో ఇక్కడి నుంచి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.  

అప్పుడు రంగుల గది గడియ తీసిన చప్పుడైంది.

మామగారు బయటికొచ్చారు. పొద్దున్నుంచీ ఆ గది కిటికీలోంచి ఒక్కో చిలపా లేవడం చూస్తూనే ఉన్నారని ఆయన నడకలోనే తెలిసిపోయింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా నాలుగో తొట్టి దగ్గరికొచ్చి నిలబడ్డారు. మూడు రంగులు తాగి, నాలుగోదానితో కుస్తీ పడుతున్న నీళ్లవి. ఆయన లెక్కలో మూడుసార్లు ఎంగిలైన నీళ్లు.

చొక్కా చెయ్యి పైకి తోసుకుని వేళ్లు ముంచారు. బొటనవేలితో చూపుడువేలు రుద్దారు. ఆ వేలు నాలుక కొసకి అద్దుకున్నారు.

పొడుగాయన చేతిలో కర్ర ఆగిపోయింది. గుమ్మంలో అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఈ నీళ్లని కాలితో కూడా తాకనన్న మనిషి ఆయన.

మామగారు పక్కకి ఉమ్మేసి, "ఉప్పు సరిపోయింది," అన్నారు. "నువ్వన్నది నిజమే. ఉప్పెక్కడికీ పోలేదు. సోడా చచ్చింది."

"నల్లనీళ్లకి ప్రతిసారీ సోడా నిండుగా వేసేదాన్ని. ఇవాళ అంత అక్కర్లేదు, అదీ మిగులుతుందనుకున్నాను," అంది కోడలు. "ఉప్పుతో పాటు దాన్నీ తగ్గించుకుంటూ వచ్చాను."

"ఉప్పు నీళ్లలో కూర్చుంటుంది. సోడా కూర్చోదు, ఒక్కో రంగుకీ ఖర్చయిపోతుంది. లేతరంగులకి ఆ లోటు తెలియదు. ముదురు రంగు ఊరుకోదు. ఇదిగో, చెయ్యి పెట్టు." ఆయన ఆమె మణికట్టు పట్టుకుని వేళ్లు నీళ్లలో ముంచారు. "రుద్దు. వేళ్లు జారుతున్నాయా?"

"లేదు."

"జారాలి. సోడా ఉంటే సబ్బు పట్టుకున్నట్టు జారుతుంది." వెనక్కి తిరిగి, "రెండు డబ్బాలు తీసుకురా, నీళ్లలో కలిపి మెల్లిగా పొయ్యి," అని పొడుగాయనకి చెప్పారు. మళ్లీ కోడలి వైపు తిరిగారు. "ఏం చూస్తున్నావు? రాసుకో."

కోడలు రాసుకుంది. కళ్లు మసకబారి ఆ ఒక్క గీతా వంకరగా వచ్చింది. ఆ పుస్తకం మొత్తం మీద వంకర గీత అదొక్కటే.

ఇరవై నిమిషాలకి చిలప పైకి లేచింది. లేస్తూనే ఎర్రటి చీకటిలా నిగనిగలాడింది. చిన్న తొట్టి చిలప పక్కన పెట్టేసరికి ఏది ఏదో పట్టుకున్నవాళ్లే మర్చిపోయే పరిస్థితి వచ్చింది. ఈసారి పొడుగాయన ఈల ఆపుకోలేదు.

నలుపు దగ్గర మామగారు కర్ర తనే అందుకున్నారు. అవతలి కొస కోడలు పట్టుకుంది. పసుపు, నారింజ, ఎరుపు, ముదురెరుపు, నీళ్లలో మిగిలినవన్నీ ఆ నలుపులోకి మాయమైపోయాయి.

"ఇంత తేలిగ్గా పట్టే నలుపుని నలభై ఏళ్లు పొద్దున్నే లేచి కుస్తీ పట్టి వేశాను," అన్నారు ఆయన. "తలకిందులుగా బతికానన్నమాట."

"ఇవాళ్టికి నిలబడ్డారు కదా, చాలు," అన్నారు అత్తగారు.

భర్త బాయిలరు తలుపు దగ్గర నుంచి తొంగి చూశాడు. మొహం అంతా మసి, మధ్యలో పళ్లు. "పొద్దున నేనన్నది..." అని మొదలుపెట్టాడు.

"వేడి చూడండి," అంది కోడలు. కాని నవ్వుతూ అంది.

*

నాలుగున్నరకి పది చిలపలు గుమ్మానికి వేలాడాయి. ఐదు జతలు. ఆఫీసరు వాటి మీద చీటీలు తీసేయించి, "ఏవి కొత్త నీళ్లవో మీరు చెప్పండి," అని నర్సరీ ఆవిణ్ణి అడిగాడు.

ఆవిడ డ్రమ్ము మీంచి లేచి ఒక్కో జతా పట్టి చూసింది. వెలుగులో తిప్పింది. పసుపు వదిలేస్తే, మిగతా నాలుగింటిలో మూడు తప్పు చెప్పింది. నలుపు దగ్గరైతే మరీ ధీమాగా, "ఇదే కొత్త నీళ్లది, చూడండి ఎంత చిక్కగా ఉందో," అంది. అది నాలుగో తొట్టిది.

ఆఫీసరు తూము దగ్గరికి వెళ్లి గుడ్డ విప్పాడు. తెల్లగా, పొడిగా ఉంది. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. ఐదు తొట్ల పని చేసిన ఒక్క తొట్టి నీళ్లు ఇంకా వేడిగా, బయటికి పోకుండా అక్కడే ఉన్నాయి.

"షెడ్డు నడుపుకోండి," అన్నాడు మామూలుగానే.

అరుపులు, కేకలు ఏం లేవు. పొడుగాయన మాత్రం వెళ్లి గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. కోడలికి పరిగెత్తాలనిపించింది. ఎక్కడికీ కాదు, ఊరికే ఆ తొట్ల మధ్యన అటూ ఇటూ పరిగెత్తాలనిపించింది. గెలిచింది. తను గెలిచింది, ఆ ముసలాయనతో కలిసి గెలిచింది, అది ఇంకా బాగుంది.

ఆఫీసరు కాగితం మీద రాస్తూ, "రంగుల పనికి బాధ్యులుగా ఎవరి పేరు రాయమంటారు? ఇన్నాళ్లూ మీదే ఉంది," అని మామగారిని అడిగాడు.

"మా కోడలిది రాయండి."

"మరి మీరు?"

"తొట్లు తోమడానికి ఉంటాను."

"ముందు అడిగి తోమండి," అన్నారు అత్తగారు. ఈసారి అందరూ నవ్వారు. నర్సరీ ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆఫీసరు నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, ఫైలులోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఒక్క షెడ్డు మారితే కాలువ తేరుకోదు. ఈ వీధిలో ఇంకో పదకొండు ఉన్నాయి. వాడిన నీళ్లతో రంగు వెయ్యడం కుదిరే పని కాదని అందరూ కలిసి నాకు రాసిచ్చారు. పన్నెండు సంతకాలు." అతను మామగారి వైపు చూశాడు. "మొదటి సంతకం మీది."

మామగారు తల దించుకున్నారు. ఆ సంతకం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"కుదిరింది కదా. రేపట్నుంచి ఎవరైనా కుదరదంటే నేను ఒప్పుకోను. నెల రోజులు గడువు ఇస్తున్నాను. ఎవరు నేర్పుతారో మీలో మీరు తేల్చుకోండి," అని ఆఫీసరు బ్యాగు సర్దుకున్నాడు.

తేల్చుకోవడానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. ఈల వినపడిందో, మాటే పాకిందో, గేటు దగ్గర అప్పటికే జనం పోగయ్యారు. పదకొండు షెడ్ల యజమానులూ ఉన్నారు. అందరికంటే ముందు వీధి పెద్ద, ఎండకి కందిన మొహంతో.

"మేస్త్రీ," అన్నాడు. "అందరం కలిసి పెట్టిన సంతకం. నువ్వొక్కడివే బయటపడ్డావు. మరి మా సంగతేంటి? నెలరోజుల్లో మేం ఎవరి దగ్గరికెళ్లి నేర్చుకోవాలి?"

మామగారు కోడలి వైపు చూశారు. జవాబు చెప్పాల్సింది తనే అని కోడలికి అర్థమైంది. తడిచేతులు తుడుచుకుని వెళ్లి గేటు తీసింది.

"లోపలికి రండి. నీళ్లింకా వేడిగానే ఉన్నాయి. మీరే చూడండి."

ఒకరొకరుగా వచ్చారు. వీధి పెద్ద నల్ల చిలప అందుకుని నూలు పాయలు విడదీసి చూశాడు. పోగు మెలి విప్పి లోపల కూడా చూశాడు. చాలాసేపు చూశాడు.

"పాళ్లు రాసిపెట్టారా, లేక ఈయన నాలుక మీదే ఉన్నాయా?"

"రాసిపెట్టాను."

"అయితే చదువు."

కోడలు పుస్తకం తెరిచింది. మొదటి గీత మీద వేలు పెట్టి చదవబోయింది. మామగారి అరచెయ్యి వచ్చి ఆ పేజీ మీద పడింది.

"ఆగు," అన్నారు.

కొడుకు ఊపిరి బిగబట్టాడు. ఈ పాళ్లు తనకి కూడా చెప్పని తండ్రి ఆయన. వీధి పెద్ద పెదవి వంకరగా విరిచాడు, నాకు తెలుసులే అన్నట్టు.

"పెద్దవాళ్లని నిలబెట్టి చదువుతావేంటమ్మా?" అన్నారు మామగారు. "ముందు కుర్చీలు తెప్పించు. ఇది ఒక పూటతో అయ్యే పని కాదు."

కుర్చీలు, స్టూళ్లు, డ్రమ్ములు, చేతికి దొరికినవన్నీ వచ్చాయి. పదిమంది కూర్చున్నారు. వీధి పెద్ద మాత్రం కూర్చోలేదు. కోపంగా ఉన్న మొహం కోపంగానే ఉంచుకుని, నిలబడే జేబులోంచి పెన్ను తీశాడు.